ఇంటికొచ్చే సీను

కొత్త కోఆర్డినేటర్ వచ్చే రోజు పొద్దున్నే పరిశోధన కేంద్రంలో నీళ్ళ మోటారు ఆగిపోయింది. మరుగుదొడ్లలో నీళ్ళు లేవు, టీ పెట్టడానికి లేవు, మీటింగు హాలు కడిగించడానికి అసలే లేవు. గొడుగక్క మెట్ల మీద నిలబడి ఫోను తీసింది. అందులో 'పంపు' అని ఉన్న నంబరు నొక్కింది. మోటారు ఆగినప్పుడల్లా ఆమె చేసే పని అదే.

ఆమె ఫీల్డ్ అసిస్టెంటు. ఎండైనా వానైనా గొడుగు లేకుండా పొలంలోకి దిగదు కాబట్టి రైతులు పెట్టిన పేరు అసలు పేరును మింగేసింది. విత్తనం ఎవరు ఎంచుతారు, కలుపు ఎవరు తీస్తారు, పంట ఎవరు అమ్ముతారు, ఇంట్లో చివరి మాట ఎవరిది అన్న సంగతుల మీద కేంద్రంలో పరిశోధన నడుస్తోంది. ఆఫీసులో దాన్ని జెండర్ ప్రోగ్రాం అంటారు. రైతులు ఆడామగా లెక్క అంటారు. పాత కోఆర్డినేటర్ బదిలీ మీద వెళ్ళాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఇవాళ నిండుతుంది.

"పూలగుత్తి ఇస్తే సాయంత్రానికి వాడిపోతుంది" అన్నాడు డైరెక్టర్, కిందటి వారం. "మన పని చూపిద్దాం. ఆ తారుమారు ఆట పెట్టించు."

తారుమారు ఆట ప్రోగ్రాంలో పుట్టింది. ఇంట్లో నిర్ణయం ఎవరిదని అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు: ఇద్దరం కలిసే. ఆ జవాబుతో పరిశోధన సాగదు. అందుకని ఆడవాళ్ళను మగవాళ్ళలా, మగవాళ్ళను ఆడవాళ్ళలా ఒక రోజంతా నటించమంటారు. లేవడం, పొలం, సంత, తిండి, పడక. నోటితో చెప్పనివి అందులో బయటికొస్తాయి. దానికి ఒక నియమం ఉంది. ఆడవాళ్ళు ఆడే రోజు వాళ్ళ భర్తలు ఆవరణలోనే ఉండకూడదు. ఇక్కడ నవ్వుతూ చూపించినదానికి ఇంటికెళ్ళి ఏడవాల్సిన పని రాకూడదు.

"అందరూ ఉంటేనే కదా అందం" అన్నాడు డైరెక్టర్.

"అందరూ ఉండొచ్చు సార్. ఆడేవాళ్ళ మొగుళ్ళు మాత్రం వద్దు."

ఆయన ఒప్పుకున్నాడు. గొడుగక్క ఇంటింటికీ వెళ్ళి కనుక్కుంది. ఒకామె భర్త లారీ మీద పోయాడు. ఒకామె భర్త ఎద్దులు అమ్మడానికి సంతకు వెళ్తున్నాడు. విత్తనాల వదిన భర్త పక్క ఊళ్ళో బోరు దింపే పని మీద ఉన్నాడు, రేపటికి గానీ రాడు.

ఆ విత్తనాల వదిన కోసమే ఇంత జాగ్రత్త. కేంద్రంలో విత్తనాలు ఏరి, ఎండబెట్టి, సంచులకు ఎత్తే పని ఆమెది. మనుషుల్ని అనుకరించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. డైరెక్టర్ దగ్గే దగ్గు, బ్యాంకు మేనేజరు సంతకం పెట్టే తీరు, గొడుగక్క బురదలో జారేముందు గొడుగును కాపాడుకునే తీరు, అన్నీ చేస్తుంది. కిందటి పంట కారులో ఆడవాళ్ళు మాత్రమే ఉన్న గదిలో ఆమె తన భర్త ఇంటికి రావడం నటించింది. సగందాకా అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో విన్నది ఆ గదిలోనే ఉండాలని వదిన చేతిలో చెయ్యి వేయించుకుంది. గొడుగక్క మాట తప్పలేదు. ఈసారి మాత్రం ముందే చెప్పింది.

"ఇంటికొచ్చే సీను వద్దు వదినా. సంత సీను చాలు."

"నాకు తెలీదా అక్కా" అంది వదిన.

ఇంత చేసిన మనిషి ఆ పొద్దున ఫోనులో 'పంపు' నొక్కింది.

"వస్తున్నా అక్కా" అంది అవతలి గొంతు. "బోరు పని తొందరగా తెమిలింది. దారిలోనే ఉన్నా."

"పుణ్యముంటుంది తమ్ముడూ, త్వరగా రా" అని ఆమె ఫోను పెట్టేసి కుర్చీలు వేయించడానికి వెళ్ళింది. ఆ నిమిషాన అతను ఆమెకు మోటారు బాగుచేసే మనిషి. భర్తల సంగతి ఆమె తలలో వేరే గదిలో ఉంది.

*

కొత్త కోఆర్డినేటర్ జీపులో వచ్చింది. వచ్చీ రాగానే ఆఫీసులోకి రాకుండా ప్రయోగపు మళ్ళలోకి దిగింది. ఇరవై ఏళ్ళు వంగడాలు తయారుచేసిన మనిషి. మనుషుల మీద పరిశోధన ఆమెకు కొత్త. ఆ సంగతి దారిలో డ్రైవరుకు చెప్పింది కూడా. "మొక్కయితే అబద్ధం చెప్పదు. మనుషులతో నాకు భయం."

"మనుషులతో ఎవరికి భయం లేదు మేడం" అన్నాడు డ్రైవరు.

చేతులకు మట్టితో ఆమె మోటారు గది పక్కనున్న కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఒకతను కుళాయి తిప్పి చూస్తున్నాడు. నీళ్ళు ఎగిసి ఆగి మళ్ళీ వచ్చాయి.

"మీ అదృష్టం మేడం, ఇప్పుడే వచ్చాయి" అన్నాడు. "ముందు మీరు కడుక్కోండి. నాది నూనె చెయ్యి, టైము పడుతుంది."

ఆమె కడుక్కున్నాక అతను మొదలుపెట్టాడు. బొటనవేలు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా తిప్పుతూ రుద్దాడు. తర్వాత చూపుడు వేలు. ఒక్కో వేలినీ విడిగా. తొందర లేదు. డాక్టర్లు కూడా ఇలా కడుక్కోరని ఆమె అంటే నవ్వాడు.

"మెషీను లోపల చెయ్యి పెట్టేవాడికి చెయ్యే కదా మేడం ఆస్తి. మీరేనా కొత్తగా వచ్చింది? మా ఆవిడ ఇక్కడే పనిచేస్తుంది. అదేదో ఆట ఉందటగా ఇవాళ. నన్ను మాత్రం పిలవలేదు."

"వచ్చి చూడండి" అంది కోఆర్డినేటర్.

*

హాల్లో మొదట మగవాళ్ళ వంతు నడిచింది. కూరగాయలు పండించే ఒక రైతు తలకు తువ్వాలు చుట్టుకుని పెళ్ళాం వేషం కట్టాడు. పొయ్యి ముందు కూర్చుని గాలి ఊదుతూ, చంకలో లేని బిడ్డను జో కొడుతూ, "ఏవండీ, చెప్పులు మీ కాళ్ళకే ఉన్నాయి" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు.

"మీ ఆవిడ ఇంత మర్యాదగా మాట్లాడుతుందా బావా?" అని ఎవరో అరిచారు.

"ఇది నాటకమే కదా, ఆశపడనీ" అన్నాడతను.

గొడుగక్క టీ సంగతి చూడటానికి బయటికొచ్చింది. డ్రైవరు కెటిల్ నింపుతున్నాడు. కుళాయి ధారగా పోస్తోంది.

"నీళ్ళొచ్చాయే. ఎవరు చేశారు?"

"ఇంకెవరు, మన మెకానిక్కే. నువ్వేగా పిలిచావు."

ఆమె కాసేపు కుళాయి వంక చూస్తూ నిలబడింది. మెకానిక్ అంటే వదిన మొగుడు. డ్రైవరు ఏమైందని అడుగుతుండగానే మోటారు గదికి పరుగెత్తింది. పనిముట్ల సంచీ గోడకు ఆనించి ఉంది. మనిషి లేడు. గేటు దగ్గర మోటారు సైకిలు ఉంది. హాలు వైపు మళ్ళేసరికి లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. మగవాళ్ళ వంతు అయిపోయింది.

ఆమె పక్క తలుపు నుంచి లోపలికొచ్చింది. వదిన అప్పటికే మధ్యలో నిలబడి ఉంది. లేని మీసం దువ్వుతోంది. చివరి వరస వెనక, కిటికీ గట్టు మీద కూర్చుని అతను చేతులు తుడుచుకుంటున్నాడు.

సంత సీను మొదలైంది. వదిన ఎద్దు పళ్ళు చూసింది, తోక ఎత్తి చూసింది, బేరగాడి భుజం మీద చెయ్యి వేసింది. "మా ఆవిణ్ణి అడక్కుండా నేనేదీ కొనను" అంటూ పక్కకు తిరిగి, లేని భార్యతో "కొంటున్నా, సరేనా?" అని, జవాబు వచ్చేలోగానే ఎద్దును తోలుకుపోయింది. హాలు ఊగిపోయింది. మెకానిక్ కూడా మోకాలి మీద చరిచి నవ్వాడు. గొడుగక్క ఊపిరి పీల్చుకుంది. సంత సీనుతో అయిపోతే చాలు. ఇందులో ఏమీ లేదు. ఇది ఎవరి మొగుడైనా కావచ్చు.

వదిన తిరిగి వెళ్ళబోయింది.

"ఏమమ్మా, అప్పుడేనా?" అన్నాడు డైరెక్టర్ ముందు వరసలో నుంచి. "ఇంటికొచ్చే సీను అదిరిపోతుందని ఆడవాళ్ళంతా అనుకుంటుంటే విన్నాను. మేడంగారికి అది చూపించు."

"సార్, టీ చల్లారిపోతుంది" అంది గొడుగక్క.

"టీ మళ్ళీ కాచుకోవచ్చు. కళ కాచుకోగలమా?"

జనం చప్పట్లు కొట్టారు. "చెయ్ వదినా" అన్నారు వెనకనుంచి. వదిన గొడుగక్క వైపు చూసింది. గొడుగక్క తల అడ్డంగా ఊపింది. మనసులో గట్టిగానే ఊపింది గానీ, అతను చూస్తున్నాడన్న భయంతో అది మెడ నొప్పి ఉన్న మనిషి కదిలినట్టుగా కదిలింది. వదిన ఒక కుర్చీని తిప్పి వేసుకుని మోటారు సైకిలు ఎక్కింది.

ఆమె దారి పొడవునా అందరినీ పలకరించుకుంటూ వచ్చింది. "ఏం బావా, మీ పంపు ఎలా ఉంది? పెద్దమ్మా, మోకాళ్ళ నొప్పికి గ్రీజు పెట్టించుకుంటావా?" ముందు వరసలో ఉన్న, వాళ్ళ పక్కింటి పెద్దమ్మ "ఒరేయ్, ముందు నీ నోటికి బిరడా పెట్టించుకో" అని అందుకుంది. మెకానిక్ నిజంగా ఆమెను అలాగే పలకరిస్తాడు. ఊళ్ళో అతనంటే గిట్టనివాళ్ళు లేరు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, పని అయ్యాక జోకు చెప్పి పోతాడు.

తర్వాత వదిన కుర్చీ దిగింది. ఇంజను ఆపింది. గడప దాటింది.

గడప దాటగానే ముఖంలో నవ్వు పోయింది. జనం ఆ మార్పుకూ నవ్వారు. ఆమె కుళాయి దగ్గర నిలబడింది. బొటనవేలు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా తిప్పుతూ రుద్దింది. తర్వాత చూపుడు వేలు. ఒక్కో వేలినీ విడిగా.

కోఆర్డినేటర్ నవ్వు సగంలో ఆగింది. ఆమె వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది, మళ్ళీ ముందుకు తిరిగింది. పక్కకు వచ్చి వంగిన గొడుగక్క చెయ్యి పట్టుకుంది.

"ఆ కిటికీ దగ్గరున్నతను..."

"ఆమె భర్త."

"నేనే రమ్మన్నాను. కుళాయి దగ్గర."

"ఊరికి పిలిచింది నేను" అంది గొడుగక్క.

"తర్వాత ఏమొస్తుంది ఇందులో?"

గొడుగక్క ముఖం చూసి కోఆర్డినేటర్ "ఆపండి" అంది.

"ఎలా ఆపను మేడం? ఆపితే మనకు తెలుసని అతనికి తెలిసిపోతుంది."

అక్కడ వదిన మంచం మీద కూర్చుంది. గది అంతా ఒకసారి చూసింది.

"నా పానా ఇక్కడ పెట్టాను" అంది మెల్లగా. "ఇక్కడ లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"నేనేమీ అనలేదు. పానా ఇక్కడ పెట్టాను, ఇక్కడ లేదు అన్నాను. అంతే కదా? ఎందుకు వణుకుతున్నావు? నేను అరిచానా?"

మగవాళ్ళు కొందరు ఇంకా నవ్వుతున్నారు. ఆడవాళ్ళ వరసలో నవ్వు ఒక్కొక్కరిగా ఆగిపోతోంది. వదిన తల ఎత్తింది. ఆ ఎత్తిన చూపు హాలు దాటి కిటికీ దాకా వెళ్ళింది. గొడుగక్క అది చూసింది. వదిన అతన్ని చూసింది, ఇప్పుడు ఆపేస్తుంది అనుకుంది.

వదిన ఆపలేదు.

"పాపా, బయటికెళ్ళి ఆడుకో" అంది. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. లేని రేడియో చెవి పట్టుకుని తిప్పింది. ఇంకా తిప్పింది. మణికట్టు ఇక తిరగనంతదాకా తిప్పింది. తర్వాత నడుము దగ్గర చెయ్యి వేసి బెల్టు విప్పబోతున్నట్టు నిలబడి, అక్కడ ఆగి, జనం వైపు తిరిగింది. మళ్ళీ తన గొంతుతోనే మాట్లాడింది.

"ఇక్కడినుంచి మీకు వినబడదు."

"అందుకా" అంది పక్కింటి పెద్దమ్మ. ఎవరితోనూ అనలేదు. "పాటలంటే పిచ్చి అనుకున్నానే. నేనే అనేదాన్ని, ఆ ఇంట్లో ఎప్పుడూ పండగే అని."

డైరెక్టర్ అటూ ఇటూ చూసి చప్పట్లు మొదలుపెట్టాడు. కొందరు కలిశారు. అందరూ ఆపేశాక కూడా కిటికీ దగ్గర చప్పట్లు వినిపించాయి. మెకానిక్ కొడుతూనే నడిచి ముందుకొచ్చాడు.

"మా ఆవిడలో ఇంత కళ ఉందని నాకే తెలీదు సార్" అన్నాడు. "పానా అంత పెద్ద సంగతని కూడా తెలీదు."

డైరెక్టర్ నవ్వాడు. నవ్వడం తప్ప ఇంకేం చేయాలో ఆయనకు తోచలేదు. మెకానిక్ భార్య భుజం మీద చెయ్యి వేసి, దులిపినట్టుగా తట్టి తీశాడు.

"టీ తాగు, అందరితో మాట్లాడు, నెమ్మదిగా రా. తొందరేం లేదు. పాపను నేను తెచ్చుకుంటాలే బడి నుంచి."

అతను పాపను బడి నుంచి తెచ్చింది ఎప్పుడూ లేదు.

*

మోటారు సైకిలు చప్పుడు గేటు దాటాక వదిన ఉన్నచోటే కుర్చీలో కూర్చుంది. జనం టీ బల్ల చుట్టూ చేరారు. అక్కడ మాటలు మొదలయ్యాయి గానీ ఎవరూ గొంతు పెంచడం లేదు.

"నా వల్లే వదినా" అంది గొడుగక్క. "మోటారు కోసం నేనే ఫోను చేశా."

"తెలుసు. నూనె వాసన వచ్చింది."

"చూశాక కూడా ఎందుకు తిప్పావు రేడియో?"

"ఆపేద్దామనే అనుకున్నా" అంది వదిన. "ఆపినా ఇంటికెళ్ళాక అదే. చూశాడు కదా, చేతులు కడగడం దాకా. ఏదైనా ఒకటే అయినప్పుడు, ఇంతమంది ఉన్నప్పుడే అయిపోనీ అనిపించింది." చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. "పాప సంగతి అనుకోలేదక్కా. అది నా లెక్కలో లేదు."

"పాపను ఎప్పుడైనా..." అని కోఆర్డినేటర్ ఆగింది.

"లేదు. ఇప్పటిదాకా లేదు. బయటికి పంపిస్తాడు. ఇవాళ తనే వెళ్ళాడు."

కోఆర్డినేటర్ లేచింది. డైరెక్టర్ పళ్ళెంలో బిస్కట్లతో ఎదురొచ్చాడు. "మేడం, రెండు మాటలు మాట్లాడితే..."

"వచ్చాక మాట్లాడతాను సార్. జీపు కావాలి."

"ఎక్కడికి? ఇది వాళ్ళ ఇంటి విషయం కదా మేడం. మొదటి రోజే మనం..."

"మనం అడిగి చేయించుకున్నాం సార్" అంది ఆమె. "మీరు అడిగారు, నేను చప్పట్లు కొట్టాను."

ఆమెకు ఆ ఊళ్ళో దారులు తెలియవు. ఎవరి మాట చెల్లుతుందో, పోలీసులను పిలిస్తే వస్తారో రారో తెలియదు. ఆమె డ్రైవరు వైపు చూసింది. డ్రైవరు అప్పటికే తాళాలు తీసుకుని నడుస్తున్నాడు.

పక్కింటి పెద్దమ్మ వెనక తలుపు తీసుకుని, ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు.

"నా మోకాళ్ళకు గ్రీజు పెట్టించుకోవాలి. పోనీ."

ఎవరూ నవ్వలేదు. జీపు కదిలింది.

బడికి రెండు దారులున్నాయి. సంత వైపు పోతే దగ్గర. మోటారు సైకిలు అటే పోయి ఉంటుంది. డ్రైవరు గోదాముల వెనక సందులోకి తిప్పాడు. అక్కడ ఒక ట్రాక్టరు దారికి అడ్డంగా నిలబడి బస్తాలు దించుకుంటోంది. డ్రైవరు హారను కొట్టాడు. బస్తా మోసే అతను బస్తా కింద నుంచే చెయ్యి ఊపాడు. వదిన తలుపు పిడి పట్టుకుని దిగబోయింది. గొడుగక్క ఆమె మోచెయ్యి వదల్లేదు.

"నడిచి పోతే ఇంకా ఆలస్యం వదినా."

"బడి వదిలేస్తారక్కా. వదిలేస్తే నాకోసం గేటు బయటే నిలబడుతుంది. నేను తప్ప ఎవరు పిలిచినా వెళ్ళొద్దని చెప్పా. నాన్నతో వెళ్ళొద్దని చెప్పలేదు. ఎలా చెప్తాను?"

ట్రాక్టరు జరిగింది. డ్రైవరు సందులోంచి జీపును బయటికి తీశాడు.

*

బడి గేటు ముందు మనుషులు, సైకిళ్ళు, గొడుగులు. పిల్లలు బయటికొస్తున్నారు. మోటారు సైకిలు గోడ పక్కన ఆగి ఉంది. పాప ట్యాంకు మీద కూర్చుని అద్దంలో పళ్ళు చూసుకుంటోంది. అతను వెనక నుంచి ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో పాప సంచీ పట్టీ పట్టుకున్నాడు. పట్టీ పాప భుజాలకే ఉంది. ఇంజను నడుస్తోంది.

జీపును చూసి అతను ఇంజను ఆపాడు.

"ఏంటి, ఊరేగింపుగా వచ్చారు?" అన్నాడు. పక్కనున్న తండ్రులెవరో నవ్వారు.

వదిన దిగి నేరుగా నడిచింది. మిగతా ముగ్గురూ ఆమె వెనక దిగారు. గొడుగక్క గొడుగు తెరవలేదు. కర్రలా పట్టుకుంది.

"దిగు పాపా" అంది వదిన.

"నాన్న బండి మీద ఇంటికెళ్తున్నామమ్మా."

"దిగు తల్లీ."

పాప తండ్రి వైపు చూసింది. అతను పట్టీ వదల్లేదు. గట్టిగా లాగలేదు కూడా. పట్టుకుని ఉన్నాడంతే. కోఆర్డినేటర్‌తో మాట్లాడాడు.

"మేడం, మీరు వచ్చిన మొదటి రోజే మీకు మా ఇంటి గొడవ ఎందుకు చెప్పండి?"

"గొడవ ఉందని నేననలేదే" అంది కోఆర్డినేటర్.

అతను ఆగాడు. ఏదో అనబోయి నవ్వాడు. ఆ నవ్వు రావడానికి కొంచెం సమయం పట్టింది.

"నేనంటున్నాను" అంది పక్కింటి పెద్దమ్మ. ఆమె వచ్చి బండి ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది. "నాకు చెవుడు లేదురా అబ్బాయ్. బుద్ధి లేదు. మధ్యలో ఒక గోడ పెట్టుకుని, మీ ఇంట్లో పాట మొదలైతే నేనూ ఇవతల కూనిరాగం తీసేదాన్ని."

"పెద్దమ్మా, నాటకం చూసి..."

"నాటకమే. మరి పాప సంచీ వదలవేం?"

ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. కానీ చుట్టూ సైకిళ్ళ తాళాలు తీసుకుంటున్నవాళ్ళు తీయడం ఆపారు. బడి లోపల నుంచి టీచరు గేటు దాకా వచ్చి నిలబడింది. అతను అందరినీ చూశాడు. సగం మంది ఇళ్ళలో మోటార్లు అతను బాగుచేసినవే. వాళ్ళు అతని వైపు చూసే చూపులో ఇంకా ఏమీ మారలేదు. అతను వాటిని మారనివ్వదలచుకోలేదు.

పట్టీ వదిలాడు. పాప జారి దిగింది.

"సరే, అమ్మతో వెళ్ళు" అన్నాడు. "నేను వెనకే వస్తా."

వదిన పాప చెయ్యి పట్టుకుంది. అప్పుడు మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"ఇవాళ ఇంటికి రాను" అంది.

"సరే."

"రేపు కూడా రాను."

"సరేనన్నానుగా" అన్నాడతను, మెల్లగా. "నేను అరిచానా?"

ఆ మాటకు వదిన వేళ్ళు బిగుసుకున్నాయి. పాప "అమ్మా, నొప్పి" అంది. గొడుగక్క ఇద్దరినీ జీపు దాకా నడిపించింది. తలుపు రెండుసార్లు వేయాల్సి వచ్చింది.

డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చున్నాడు.

"ఎక్కడికి?"

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. పెద్దమ్మ ఇల్లు గోడ పక్కదే. గొడుగక్కది ఒక రైతు ఇంట్లో అద్దె గది, ఆ రైతు మెకానిక్‌కు దోస్తు. వదిన తన అన్న ఇల్లు అంది, వెంటనే కాదంది. అన్న మంచివాడే గానీ, అతనికి మెకానిక్ అంటే ప్రాణం.

"మా ఇంటికి" అంది కోఆర్డినేటర్.

"ఎక్కడ మేడం మీ ఇల్లు?" అంది వదిన.

"నాకింకా తెలీదు. క్వార్టరు ఇచ్చారన్నారు. చూడలేదు."

"నాకు తెలుసు" అన్నాడు డ్రైవరు. "తాళం నా దగ్గరే ఉంది. గడియ పనిచేస్తుందో లేదో చూడాలి."

జీపు మలుపు తిరిగింది. కోఆర్డినేటర్ ముందు సీట్లో కూర్చుని రెండు చేతులతో సీటు అంచు పట్టుకుంది. ఆమె పెట్టె కాళ్ళ దగ్గర ఉంది. పాప వెనక నుంచి వంగి, "ఆంటీ, మీరు ఊరికెళ్తున్నారా?" అని అడిగింది.

"లేదమ్మా. ఇప్పుడే వచ్చాను."

సంత దాటాక డ్రైవరు అద్దంలో చూశాడు. ఏమీ అనకుండా ఇంకోసారి చూశాడు. గొడుగక్క వెనక్కి తిరిగింది. మోటారు సైకిలు వస్తోంది. దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు. దారిలో ఎవరో పలకరిస్తే అతను చెయ్యి ఎత్తి నవ్వుతున్నాడు.

డ్రైవరు గేరు మార్చాడు. జీపు వేగం అందుకుంది. వదిన ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"నెమ్మదిగా పోనీ అన్నా" అంది చెవి దగ్గర. "పరుగెత్తితే పాపకు తెలిసిపోతుంది."

డ్రైవరు వేగం తగ్గించాడు. వెనక మోటారు సైకిలు కూడా తగ్గించింది. వదిన పాపను ఒళ్ళోకి లాక్కుని, ముఖం ముందుకు తిప్పి పట్టుకుని, బడిలో ఇవాళ ఏం చెప్పారని అడిగింది. పాప చెప్పడం మొదలుపెట్టింది. జీపులో ఉన్న అందరూ ఊ కొడుతూ విన్నారు.